పేరున్న స్టూడియోలో ఇంటర్న్‌షిప్ వచ్చింది, స్టైపెండ్ సున్నా. వెళ్లాలా వద్దా?

నాలుగో_ఏడాది
ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం. వచ్చే సెమిస్టర్ ట్రైనింగ్. రెండు చోట్ల నుంచి ఆఫర్ వచ్చింది.

మొదటిది అందరికీ తెలిసిన స్టూడియో. మా క్లాసులో సగం మంది వాళ్ల బిల్డింగులనే కేస్ స్టడీకి తీసుకుంటారు. ఆరు నెలలు ఉండాలట. స్టైపెండ్ లేదు. ల్యాప్‌టాప్ మనదే, అందులో సాఫ్ట్‌వేర్‌లూ మనవే. "పని వేళలు ప్రాజెక్టును బట్టి మారవచ్చు" అని ఒక లైను రాశారు, దాని అర్థం నాకు తెలుసు. రెండోది ఐదారుగురు ఉండే ఆఫీసు. బడులు, ఇళ్లు, చిన్న క్లినిక్‌లు చేస్తారు. ఖర్చులకు సరిపోయేంత ఇస్తామన్నారు. కాకపోతే వాళ్ల పేరు ఎవరికీ తెలీదు, వెబ్‌సైట్ కూడా సరిగ్గా తెరుచుకోదు.

పెద్ద పేరు వదులుకోకు అని మా ఫ్యాకల్టీ. పని చేస్తూ ఎదురు ఖర్చు పెట్టుకోవడం ఏంటని ఇంట్లోవాళ్లు. ఆదివారంలోగా చెప్పాలి. బుర్ర పనిచేయట్లేదు.

ప్లింత్_బీమ్
రెండోది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

పాత_ట్రేసింగ్
ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? మా రోజుల్లో స్టైపెండ్ అన్న మాటే ఎత్తేవాళ్లం కాదు. ట్రేసింగ్ షీటు మీద ఇంకు పెన్నుతో గీయడం, తప్పు పడితే బ్లేడుతో గీకి మళ్లీ గీయడం. ఒక మెట్ల సెక్షన్ (నిలువుగా కోసి చూపే డ్రాయింగ్) దగ్గర మా సార్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా పక్కన కూర్చున్నారు. ల్యాండింగ్ కింద తల తగలకుండా ఎంత వదలాలి, రైలింగ్ ఎక్కడ మలుపు తిరగాలి, అన్నీ గీసి చూపించారు. ఆ ఒక్క రోజు కాలేజీలో ఒక సెమిస్టర్ పెట్టు. దానికి నేను ఆయన్ని డబ్బు అడగాలా, ఆయన నన్ను అడగాలా?

అమెరికా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1932లో తన ఎస్టేట్‌లో టాలీసిన్ ఫెలోషిప్ అనే శిక్షణ మొదలుపెట్టినప్పుడు శిష్యులే ఫీజు కట్టి చేరారు. పొలం పని, వంట పని కూడా చేశారు. ఎవరూ ఏడవలేదు.

ఫోమ్‌బోర్డు_బాధితుడు
ఎవరూ ఏడవలేదని మనకెలా తెలుసండీ 😀

రాత్రి_రెండర్
@పాత_ట్రేసింగ్ గారూ, టాలీసిన్ సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నా. అది ఫెలోషిప్ అని చెప్పే పెట్టారు, ఫీజు అని చెప్పే తీసుకున్నారు. దాపరికం లేదు. 1932 అంటే మహా మాంద్యం నడుమ, రైట్ చేతిలో పనులు లేని కాలం. ఫీజు వచ్చింది, చాకిరీకి మనుషులూ వచ్చారు, ఎస్టేట్ నడిచింది. అయినా సరే, వాళ్లకి దక్కింది ఒకటుంది. 1935లో ఆయన జలపాతం మీది ఇల్లు ఫాలింగ్‌వాటర్ గీస్తుంటే పక్కన పెన్సిళ్లు చెక్కి అందించింది ఆ కుర్రాళ్లే. గురువు చెయ్యి కదలడం కళ్లారా చూశారు.

ఇప్పటి పెద్ద స్టూడియోలో ప్రిన్సిపల్‌కి, అంటే స్టూడియో పెద్దకి, ఇంటర్న్ పేరు కూడా తెలీదు. మీ సెక్షన్ మీ సార్ దిద్దారు. ఈ తమ్ముడి సెక్షన్ దిద్దేదెవరు? పోయిన ఏడాది చేరిన ఇంకో ఇంటర్న్.

నాలుగో_ఏడాది
తమ్ముడు కాదు, చెల్లి.

రాత్రి_రెండర్
సారీ చెల్లీ. దిద్దేది మాత్రం పోయినేడాది ఇంటర్నే.

ఫోమ్‌బోర్డు_బాధితుడు
నేను ఇలాంటి చోటే చేశాను. పేరు చెప్పను, అడగొద్దు.

చేరిన వారంలోనే ఒక కొండ సైటుకి కాంటూర్ మోడల్ (ఎత్తుపల్లాల్ని పొరలుగా చూపే నమూనా) ఇచ్చారు. 1:500 స్కేలు, అర మీటరు ఎత్తుకి ఒక మిల్లీమీటర్ బోర్డు. ఆఫీసులో లేజర్ కట్టర్ ఉంది, కానీ ఇంటర్న్‌లు ముట్టుకోకూడదు, మెషిన్ టైము ఖరీదైనదట. మా టైముకి ఆ బెడద లేదు కదా. చేత్తోనే కోశాం. బ్లేడు కాస్త మొద్దుబారిందంటే బోర్డు అంచు నలిగి పీచు లేస్తుంది. తెల్లటి మోడల్ మీద అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది, కాబట్టి ఆ పొర తీసి పారేసి మళ్లీ కోయాలి. అతికించాక ఒక మూల పైకి లేచింది. దాని మీద మెటీరియల్ క్యాటలాగులు దొంతర పెట్టి రాత్రంతా ఉంచాం.

అంతా అయ్యాక పార్టనర్ వచ్చి చూసి, సైటు ఎంట్రీ ఇటు మార్చేశాం కదా, మీకెవరూ చెప్పలేదా అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మోడల్ చెత్తలోకి పోయింది.

నా బాధ డబ్బు రాలేదని మాత్రమే కాదు. అదే పని జీతం ఉన్న మనిషికి ఇచ్చేముందు ఎవరో ఒకరు ‘ఎంట్రీ ఖరారైందా’ అని అడిగి ఉండేవాళ్లు. ఊరికే వచ్చిన గంటల్ని ఎవరూ లెక్క చూసుకోరు. @పాత_ట్రేసింగ్ గారూ, మీ సార్ మీ మీద ఒక పూర్తి రోజు పెట్టారు. నా మీద ఎవరూ పూట కూడా పెట్టలేదు. నేర్చుకున్నది అతికించడం.

బాల్కనీ_కింద
గ్లూ గన్‌తో కాలిన మచ్చ చూపిస్తే చాలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ అక్కర్లేదు.

చిన్న_ఆఫీసు
అవతలి పక్క నుంచి నేనూ ఒక మాట చెప్తాను. నలుగురం ఉండే ప్రాక్టీసు నాది. ఇంటర్న్‌లకి ఇస్తాను, ఎక్కువేం కాదు. కానీ మొదటి నెల ఇంటర్న్ వల్ల ఆఫీసుకి ఒరిగేది ఏమీ ఉండదని మీరూ ఒప్పుకోవాలి. డోర్ షెడ్యూల్ (తలుపుల పట్టిక) చేయమంటే తలుపులు తెరుచుకునే వైపు సగం తప్పుంటుంది. టాయిలెట్ తలుపు వెళ్లి కమోడ్‌కి కొట్టుకుంటుంది. స్విచ్ బోర్డు తలుపు వెనక్కి పోతుంది. అవన్నీ రాత్రి కూర్చుని దిద్దేది నేనే.

రెండో నెల నుంచి లెక్క మారుతుంది. మూడో నెలకి వచ్చేసరికి ఆ పిల్ల సెలవు పెడితే వర్కింగ్ డ్రాయింగ్స్ (సైటులో చూసి కట్టే డ్రాయింగ్స్) సెట్ బయటికి వెళ్లదు. అప్పుడు కూడా ‘మేం ట్రైనింగ్ ఇస్తున్నాం’ అంటే అది మాటవరసకే. ఆరు నెలలకి తక్కువ కుదరదు అంటున్నారంటే పని జరుగుతోందని వాళ్లకీ తెలుసు. ఊరికే నేర్పించేవాళ్లు ఎప్పుడు వెళ్లిపోతావా అని చూస్తారు గానీ, ఉండమని పట్టుబట్టరు.

నేను చూసే గీటురాయి ఒకటే. ఇంటర్న్ గీసిన షీటు క్లయింట్‌కి పోయి, దానికి బిల్లు పడిందా? పడితే అది చదువు కాదు, పని.

ప్లింత్_బీమ్
^ దీన్ని పిన్ చేయండి ఎవరైనా.

పాత_ట్రేసింగ్
@చిన్న_ఆఫీసు గారూ, బిల్లు పడే పని సరే. పేరున్న స్టూడియోలు చేసే పనిలో సగానికి బిల్లే ఉండదు. డిజైన్ కాంపిటీషన్‌లు చేస్తారు. వచ్చేది ఏదీ లేని చోట పంచేది ఎక్కడి నుంచి?

లెక్కల_పద్దు
పాత_ట్రేసింగ్ గారు తెలిసో తెలియకో అసలు చోట వేలు పెట్టారు. ఆ కాంపిటీషన్‌ల లెక్కే చూద్దాం.

2014లో హెల్సింకిలో గుగ్గెన్‌హైమ్ మ్యూజియానికి ఓపెన్ కాంపిటీషన్ పెట్టారు. వచ్చిన ఎంట్రీలు 1,715. ఒక్కో ఎంట్రీకి ప్యానెళ్లు, ప్లాన్లు, సెక్షన్లు, రెండర్లు (బిల్డింగ్ ఎలా ఉంటుందో చూపే కంప్యూటర్ బొమ్మలు). గెలిచేది ఎలాగూ ఒకరే, మిగతా 1,714 మంది పని గాలికి. తమాషా ఏంటంటే 2016లో హెల్సింకి నగర మండలి ఆ ప్రాజెక్టునే వద్దంది. గెలిచినదీ కట్టలేదు. ఆ షీట్ల వెనక ఎన్ని రాత్రులు పోయాయో, అందులో జీతం లేని రాత్రులు ఎన్నో ఎవరి పద్దులోనూ ఉండదు.

ఆఫీసు తన ఇష్టంతో జూదం ఆడుతోంది, తప్పులేదు. కానీ గెలిస్తే పేరు ప్రిన్సిపల్‌ది, ఓడితే నిద్ర ఇంటర్న్‌ది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

ఫీజుల కథ కూడా వింతగానే ఉంటుంది. అమెరికాలో 1972లో న్యాయశాఖ అక్కడి ఆర్కిటెక్టుల సంఘం ఏఐఏ మీద యాంటీట్రస్ట్ కేసు (పోటీని అడ్డుకుంటున్నారని వేసే కేసు) నడిపి, ఫీజు మీద ఒకరితో ఒకరు పోటీ పడకూడదన్న నియమాన్ని తీసేయించింది. 1990లో ఇంకో ఒప్పందం. సభ్యులు డిస్కౌంట్ ఇచ్చినా, ఉచితంగా చేసిపెట్టినా సంఘం అడ్డుచెప్పకూడదు. పోటీ ఉండాలన్నది న్యాయమే. కానీ క్లయింట్‌కి ఉచితంగా ఇచ్చిన గంటలు ఎవరో ఒకరి ఒంట్లోంచి రావాలి కదా. ఆఫీసులో అందరికంటే నోరు తక్కువ ఎవరికి?

బాల్కనీ_కింద
ఇంటర్న్‌కి. ప్లాటర్‌కి కూడా అంతకంటే నోరెక్కువ, పేపర్ అయిపోతే అరుస్తుంది.

సెక్షన్_ఏఏ
నాలుగో_ఏడాది రాసిన షరతులు చదవగానే 2019 గొడవ గుర్తొచ్చింది. ఆ ఏడాది లండన్‌లో సర్పెంటైన్ గ్యాలరీ ఏటా కట్టించే పెవిలియన్ డిజైన్ చేసే అవకాశం జపాన్ ఆర్కిటెక్ట్ జున్యా ఇషిగామికి ఇచ్చారు. సరిగ్గా అప్పుడే ఆయన ఆఫీసు ఇంటర్న్‌షిప్ షరతులు బయటపడ్డాయి. వారానికి ఆరు రోజులు, పొద్దున 11 నుంచి అర్ధరాత్రి దాకా, జీతం లేదు, కంప్యూటరూ సాఫ్ట్‌వేరూ ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. గోల మొదలయ్యాక, పెవిలియన్ పని చేసే అందరికీ డబ్బు ఇచ్చి తీరాలని సర్పెంటైన్ పట్టుబట్టింది. జపాన్‌లో ఇలా జీతం లేని ఇంటర్న్‌షిప్‌ని ‘ఓపెన్ డెస్క్’ అంటారు, పాతుకుపోయిన ఆచారం.

ఆ వేడి అక్కడితో ఆగలేదు. చిలీలో అలెహాంద్రో అరవేనా ఆఫీసు ఎలిమెంటల్ దాకా వెళ్లింది. 2016లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి ప్రిట్జ్కర్ వచ్చింది ఆయనకి, పేదల ఇళ్ల మీద చేసిన పనికి పేరున్న మనిషి. ఆ ఆఫీసులోనూ జీతం లేని ఇంటర్న్‌లు. చివరికి ఇంటర్న్‌షిప్ ప్రోగ్రామే మూసేశారు.

పాత_ట్రేసింగ్
మూసేశారు కదా! దానివల్ల ఎవరు బాగుపడ్డారు? అరవేనా దగ్గర కూర్చునే కుర్చీలు నాలుగు పోయాయి. డబ్బు వద్దు, నేర్చుకుంటాను అనే పిల్లలకి ఆ దారీ లేకుండా చేశారు. మీ ఆవేశం బాగానే ఉంది, దాని బిల్లు మాత్రం పిల్లలకే.

నార్త్_లైట్
పాత_ట్రేసింగ్ గారూ, ఆ కుర్చీ ‘పిల్లలకి’ అని అన్నారే, ఏ పిల్లలకి?

నాకూ అలాంటి ఆఫర్ వచ్చింది. వెళ్లలేదు. ఇష్టం లేక కాదు, ఆరు నెలలు వేరే ఊళ్లో అద్దె కట్టి ఉండే స్తోమత ఇంట్లో లేదు. నా స్నేహితురాలు వెళ్లింది. నా కంటే మంచి డిజైనరా అంటే, ఆ మాట తనే ఒప్పుకోదు. తర్వాత ఇద్దరం ఒకే ఉద్యోగానికి వెళ్లాం. ఇంటర్వ్యూ చేసినాయన తన పోర్ట్‌ఫోలియోలో ఆ స్టూడియో పేరు చూసి అక్కడే ఆగిపోయాడు. అక్కడి మనుషుల గురించి, ఫలానా బిల్డింగ్ గురించి, ఇద్దరూ చుట్టాల్లా మాట్లాడుకున్నారు. నా వర్కింగ్ డ్రాయింగ్స్ షీట్లు మాత్రం గబగబా తిప్పేశాడు. పైగా నేను చేసిన సెట్ నిజంగా కట్టిన బిల్డింగుది.

మూసేసిన కుర్చీ గురించి మీకు బాధగా ఉంది. ఆ కుర్చీలో కూర్చోగలిగేది మూడోవంతు మందో, పావువంతు మందో ముందు చూడండి. ప్రతిభను బట్టి ఎంచుకుంటున్నాం అని వాళ్లంటారు. గేటు దగ్గరే బ్యాంకు బ్యాలెన్స్ చూసి వడపోశాక లోపల ప్రతిభ కొలుస్తున్నారు.

పాత_ట్రేసింగ్
ఆ మాట నిజమే. దానికి జవాబు స్కాలర్‌షిప్‌లు అంటాను నేను, ఇంటర్న్‌షిప్ మూసేయడం కాదు.

నార్త్_లైట్
నెలనెలా స్టూడియోనే ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది సార్. జీతం అంటారు.

ఫోమ్‌బోర్డు_బాధితుడు
🔥🔥

క్లాజ్_తొమ్మిది
రూల్స్ ఏమంటున్నాయో కొంచెం చెప్తాను. దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి ఎవరిది వాళ్లు చూసుకోవాలి.

బ్రిటన్‌లో ఆర్కిటెక్టుల సంఘం రిబా 2011లో ఒక నియమం పెట్టింది: తన గుర్తింపు ఉన్న చార్టర్డ్ ప్రాక్టీసుగా ఉండాలంటే పనికి పెట్టుకున్న విద్యార్థులకి చట్టం చెప్పిన కనీస వేతనమైనా ఇవ్వాలి. అమెరికాలో లైసెన్సు కావాలంటే ఆర్కిటెక్టుల లైసెన్సు బోర్డుల సంఘం ఎన్‌కార్బ్ లెక్కలో 3,740 గంటల అనుభవం చూపించాలి. జీతం లేని ఆఫీసు ఇంటర్న్‌షిప్ గంటలు మామూలుగా అందులో చెల్లవు. అంటే ఊరికే చేసిన ఆరు నెలలు లైసెన్సు దారిలో కూడా వృథా.

ఇక అక్కడి కార్మిక శాఖ 2018 నుంచి చూసేది ‘అసలు లాభం ఎవరికి’ అని. ఏడు అంశాలున్నాయి, అన్నీ రాయను. పనికొచ్చేవి రెండు. ట్రైనింగ్ మీ కోర్సుతో, కాలేజీ క్యాలెండర్‌తో కలిసి నడుస్తోందా? మీ పని జీతం ఉన్న ఉద్యోగి పనికి తోడుగా ఉందా, లేక ఆ ఉద్యోగి అవసరమే లేకుండా చేస్తోందా? @చిన్న_ఆఫీసు గారు చెప్పిన బిల్లు గీటురాయి ఈ రెండో దానికి బాగా దగ్గర.

బాల్కనీ_కింద
పేరు క్లాజ్_తొమ్మిది, చెప్పింది అంశాలు ఏడు. మిగతా రెండు ఎక్కడ?

క్లాజ్_తొమ్మిది
ఫీజు కడితే చెప్తా.

నాలుగో_ఏడాది
అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. పాత_ట్రేసింగ్ గారు చెప్పినట్టు నిజంగా పక్కన కూర్చోబెట్టి నేర్పే చోటైతే ఏదోలా వెళ్దామనే ఉంది. అది ముందే ఎలా తెలుస్తుంది? వాళ్లని ఏం అడగాలి?

రాత్రి_రెండర్
వాళ్లని కాదు, పోయినసారి చేసినవాళ్లని అడుగు. లింక్డ్‌ఇన్‌లో వెతికితే దొరుకుతారు. ‘ఎలా ఉంది’ అని అడగకు, ‘బాగుంది, చాలా నేర్చుకున్నా’ అనేస్తారు. ‘ఎన్ని గంటలకి ఇంటికెళ్లేవారు’ అని అడుగు. ‘సైటుకి తీసుకెళ్లారా’ అని అడుగు. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా కాంక్రీటు తొక్కకపోతే అది రెండర్ ఫ్యాక్టరీ.

చిన్న_ఆఫీసు
ఇంకోటి, చాలామంది మర్చిపోతారు. పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోనిస్తారా అని అడుగు, జవాబు మెయిల్‌లో రప్పించు. చేరాక ఎన్‌డీఏ (ఆఫీసు సంగతులు బయటపెట్టనన్న ఒప్పందం) మీద సంతకం పెట్టించుకుంటారు. వెళ్లేటప్పుడు ఫైళ్లు పట్టుకెళ్లడానికి ఉండదు. డబ్బూ లేక, చూపించుకోవడానికి షీటూ లేకపోతే ఆరు నెలలకి చేతికొచ్చేది లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు.

సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చూసుకో. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది స్టూడెంట్ లైసెన్సే అయి ఉంటుంది. అది చదువు కోసం ఇచ్చేది, కమర్షియల్ పనికి వాడకూడదు. నీ సాఫ్ట్‌వేర్‌తో క్లయింట్ డ్రాయింగ్స్ చేయించుకునే ఆఫీసు లైసెన్సు ఖర్చు కూడా నీ నెత్తినే పెడుతోంది. రేపు తేడా వస్తే లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో చూస్తారు.

ఫోమ్‌బోర్డు_బాధితుడు
పాత ఆటోక్యాడ్ స్టూడెంట్ వెర్షన్‌లో ప్రింటు తీస్తే షీటు నాలుగు అంచుల్లోనూ ఎడ్యుకేషనల్ అని ముద్ర పడేది. మా ఆఫీసులో దాన్ని కట్టర్‌తో కోసి పంపేవాళ్లు. ఆ కోసేవాడిని కూడా నేనే.

బాల్కనీ_కింద
నీకు కట్టర్‌తో తప్ప వేరే దేనితోనైనా పని ఇచ్చారా అసలు?

ఫోమ్‌బోర్డు_బాధితుడు
ఫెవికాల్.

సెక్షన్_ఏఏ
ఒంటరిగా అడిగితే ‘నువ్వు కాకపోతే ఇంకొకరు’ అంటారు, అది కూడా గుర్తుంచుకోండి. అందుకే ఉద్యోగులు కలిసి అడగడం మొదలైంది. న్యూయార్క్‌లో షాప్ ఆర్కిటెక్ట్స్‌లో 2021 చివర్లో యూనియన్ ప్రయత్నం జరిగి, కొద్ది నెలలకే వెనక్కి తీసుకున్నారు. 2022లో బర్న్‌హైమర్ అనే చిన్న ఆఫీసులో యూనియన్ పెడితే యజమానే ఒప్పుకున్నాడు. ఇంటర్న్‌కి ఇదంతా దూరపు మాటే, ఆరు నెలలకి వెళ్లిపోయే మనిషి ఏ యూనియన్‌లో చేరతాడు? కాలేజీలే పూనుకోవాలి. స్టైపెండ్ లేని ఆఫీసుల్ని ట్రైనింగ్ జాబితాలోంచి తీసేస్తే ఒక్క ఏడాదిలో దారికొస్తారు.

పాత_ట్రేసింగ్
కాలేజీ తీసేయదు. ఆ పేర్లే కదా అడ్మిషన్ బ్రోచర్‌లో వేసుకునేది.

ప్లింత్_బీమ్
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నా సార్.

నాలుగో_ఏడాది
అప్‌డేట్. పోయినేడాది చేసిన ఒక అక్క దొరికింది. ఇంటికి వెళ్లే టైము అడిగితే నవ్వే ఎమోజీ పెట్టింది. సైటు ఒక్కసారీ చూడలేదట. తనకి ప్రిన్సిపల్ కనపడింది ఫొటోషూట్ రోజు.

స్టూడియోకి కూడా మెయిల్ పెట్టాను, పోర్ట్‌ఫోలియో గురించి, స్టైపెండ్ గురించి. మర్యాదగానే జవాబిచ్చారు. ప్రాజెక్టు ఎక్కడైనా పబ్లిష్ అయ్యాకే డ్రాయింగ్స్ వాడుకోవచ్చు. స్టైపెండ్ గురించి ‘ఇది నేర్చుకునే అవకాశంగా చూడాలని మనవి’.

రెండో ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తింది ఆర్కిటెక్టే. వచ్చే నెల ఒక బడి పునాది పని మొదలవుతుందట, నేల మీద గోడల గీతలు వేసే మార్కింగ్‌కి రమ్మన్నారు, బూట్లు తెచ్చుకోమన్నారు.

రాత్రి_రెండర్
ఇంకేం కావాలి. సెంటర్ లైన్ మార్కింగ్ దగ్గర నిలబడితే ప్లాన్‌లో నువ్వు గీసే గోడ మందం మీద భయం వస్తుంది.

పాత_ట్రేసింగ్
నేనైతే ఇప్పటికీ మొదటి దానికే వెళ్లేవాడిని. కానీ పునాది మార్కింగ్ అంటే కాదనలేను. వెళ్లమ్మా. లెవెల్ ఇన్‌స్ట్రుమెంట్ వాడటం అక్కడే నేర్చుకో, మేస్త్రీ చెప్పిన లెవెల్ నమ్మేసి రాకు.

నాలుగో_ఏడాది
తప్పకుండా సార్. స్టూడియోకి రానని ఎలా రాయాలి? రేపు ఉద్యోగానికి మళ్లీ వాళ్ల గడపే తొక్కాల్సి వస్తుందేమో, చెడకూడదు.

చిన్న_ఆఫీసు
చిన్నగా రాయి. అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, స్టైపెండ్ లేకుండా ఆరు నెలలు ఉండడం నాకు కుదరదు, స్టైపెండ్ ఉన్న అవకాశం ఎప్పుడైనా ఉంటే తెలియజేయండి. అంతే. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని మాత్రం రాయకు. ఎందుకు రావట్లేదో వాళ్ల ఇన్‌బాక్స్‌లో ఉండాలి.

నాలుగో_ఏడాది
పంపేశాను.